లైన్‌మన్ ఇంటి చేపలు

"అత్తయ్యా, ఆపకండి! పోస్తూనే ఉండండి!"

"ఆపితే కదమ్మా! నా చెయ్యి ఎప్పుడో పడిపోయింది. ఇప్పుడు పోస్తున్నది నా పంతం!" అంది అత్తగారు. అద్దాల తొట్టిలోంచి మగ్గుతో నీళ్లు ముంచి, మూరెడు ఎత్తునుంచి మళ్లీ తొట్టిలోకే పోస్తోంది. అలా పోస్తే నీళ్లలో కాస్త గాలి కలుస్తుందని కోడలి ఆశ.

కరెంటు పోయి మూడు గంటలైంది. తొట్టిలో గాలి పంపు ఆగిపోయింది. ఎనిమిది గోల్డ్‌ఫిష్‌లూ పైకి తేలి, నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి. వాటిలో అరచెయ్యంత చేప ఒకటి పక్కకు ఒరిగిపోతోంది. ఇంట్లో దాన్ని పెద్దాయన అంటారు. గోరంత పిల్లగా తెచ్చి ఆరేళ్లు పెంచింది కోడలు. అదిగానీ పోయిందంటే ఆవిడ వారం రోజులు అన్నం ముట్టదు.

తలుపు దబ్బున తెరుచుకుంది. భర్త లోపలికి దూసుకొచ్చాడు. నెత్తిన హెల్మెట్, నడుముకు స్తంభమెక్కే బెల్టు అలాగే ఉన్నాయి.

"ఎలా ఉన్నాయే?"

"రండి లైన్‌మన్‌గారూ, రండి! ఇన్వర్టర్ కొందామండీ అంటే ఏమన్నారు? లైన్‌మన్ ఇంట్లో ఇన్వర్టరేంటి, నలుగురూ నవ్విపోతారన్నారు. పిలవండి ఆ నలుగురినీ, వచ్చి నవ్వమనండి!"

"అబ్బా, వచ్చేస్తుందే! తెగిన తీగ కట్టేశాం, పనైపోయింది. కిందికి దిగుతుంటే నీ ఫోను. ఉన్నపళాన పరిగెత్తుకొచ్చా. పది నిమిషాల్లో కరెంటు రాకపోతే నన్నడుగు!"

పది నిమిషాలూ గడిచాయి. ఫ్యాను రెక్క కదిలితే ఒట్టు.

ఇలాంటి ఆపదకని కొన్న చిన్న పంపు ఒకటుంది. ఫోను చార్జింగు వైరుతో నడుస్తుంది. దానికి పెట్టిన పవర్‌బ్యాంకు మొదటి గంటలోనే చేతులెత్తేసింది. ఆ తర్వాత కోడలి ఫోను కూడా దానికే ఆహుతైంది.

"నా ఫోను ఉందిగా!" అని భర్త జేబులోంచి తీశాడు. పదకొండు శాతమే ఉంది. ఎవరైనా ఫోను చేస్తే ఆ కాస్తా అయిపోతుందని విమానం గుర్తు నొక్కి, వైరు గుచ్చాడు. పంపు గుర్రుమంది. నీళ్లలో బుడగలు లేచాయి.

"బుడగలండీ, బుడగలు!" కోడలు చిన్నపిల్లలా గంతేసింది. అత్తగారు మగ్గు పక్కన పడేసి కూలబడింది.

అరగంటకు ఆ ఫోనూ కన్నుమూసింది. కరెంటు జాడ లేదు. పెద్దాయన మళ్లీ ఒరిగాడు.

"ఏవండీ, వాడు పోతున్నాడండీ!" కోడలు భర్త చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి గుంజింది.

భర్త నుదుటి మీద కొట్టుకున్నాడు. "ఓసి నా తెలివి తగలెయ్య! బండికి ఫోను చార్జింగు పెట్టుకునే పిన్నుందిగా!"

"వైరు చూస్తే జానెడు! బండేమో వాకిట్లో ఉంది!"

"తొట్టి కదలదు. బండి కదులుతుంది. ఆ చెక్క పట్రా!"

కోడలు బట్టలు కత్తిరించుకునే చెక్కను మూడు మెట్ల మీదా వాలుగా పరిచింది. ముందునుంచి భర్త లాగితే, వెనకనుంచి అత్తాకోడళ్లు తోశారు. బండి గడప దాటి, సోఫాను ఓ పోటు పొడిచి, హాల్లోకి వచ్చింది.

"ఒరేయ్, పొద్దున్నే తడిబట్ట పెట్టాన్రా!"

"అమ్మా, పక్కకి జరుగు!"

"ఇంజను మాత్రం స్టార్ట్ చెయ్యకు నాయనా! చేపలు బతుకుతాయి, పొగకు మనం పోతాం!"

తాళం తిప్పాడు. హెడ్‌లైటు వెలిగి గోడమీద పటాలన్నీ మెరిశాయి. వైరు గుచ్చాడు. గుర్రు... గుర్రు... బుడగలు! ముగ్గురూ ఊపిరి బిగబట్టి తొట్టికి మొహాలు ఆనించారు. పెద్దాయన తోక ఆడించాడు. ఒకసారి దొర్లి, నిటారుగా నిలిచి, ఏమీ జరగనట్టు ఈదుకుంటూ వెళ్లిపోయాడు.

"బతికాడు! బతికాడండీ!" కోడలు అత్తగారిని వాటేసుకుంది. భర్త బెల్టుతో సహా ఓ చిందు వేశాడు.

కాసేపటికి ఉక్క గుర్తొచ్చింది. కోడలు చీర చెంగుతో విసురుకుంటూ, "అయినా మీరు పని ముగించి గంటన్నరైంది కదండీ. సబ్‌స్టేషన్‌లో స్విచ్ వెయ్యాల్సిన మహానుభావుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడా?" అంది.

భర్తకు పౌరుషం పొడుచుకొచ్చింది. "రేపు వాడి సంగతి తేలుస్తా చూడు! ప్రాణాలకు తెగించి మేం తీగలు కడితే, ఒక్క స్విచ్ వెయ్యడానికి వాడికి బద్ధకమా? ఊరంతా చెమటలు కక్కుతోంది!"

బయట జీపు కీచుమని ఆగింది. కరెంటాఫీసు ఇంజనీరుగారు చంకలో రిజిస్టరుతో పరిగెత్తుకొచ్చాడు. హాల్లో బండినీ, దాని పక్కన నిలబడ్డ లైన్‌మన్‌నూ చూసి, గుండెమీద చెయ్యేసుకుని గడపమీదే కూర్చుండిపోయాడు.

"నాయనా! నిక్షేపంలా ఉన్నావు కదా!"

"నాకేమైంది సార్?"

"ఫోను చేస్తే కలవదు. మిగతావాళ్లంతా దిగారు, నువ్వొక్కడివే కనపడలేదు. నీకోసం స్తంభం స్తంభం వెతికాం!"

"అది సరే సార్, ముందు ఆ స్విచ్ వెయ్యనివాడి మీద గట్టి చర్య తీసుకోండి!"

ఇంజనీరుగారు రిజిస్టరు తెరిచి అతని చేతిలో పెట్టాడు. "ముందు ఇందులో 'పనైంది, కిందికి దిగాను' అని సంతకం పెట్టవయ్యా, నువ్వింకా తీగమీదే ఉన్నావేమోనని గంటన్నర నుంచి వాడు స్విచ్ ముట్టుకోకుండా వణుకుతూ కూర్చున్నాడు!"