నాలుగో టికెట్టు

‘ఈమె మళ్ళీ వచ్చిందే!’ అనుకున్నాడు కిరణ్‌కుమార్, కొండారెడ్డి బురుజు ముందు నిలబడి టికెట్లు చింపుతూ.

వరసగా నాలుగో సాయంత్రం. భుజానికి సంచి, రోజూ ఏదో ఒక నీలం చీర, నోట్లో మాట లేదు. టికెట్టు పుస్తకంలో పేరు ఉదయశ్రీ, ఊరు హైదరాబాదు. కర్నూలు వీధుల్లో తిండి తినిపిస్తూ రెండు గంటలు తిప్పే ఈ ‘రుచుల నడక’కి జనం ఒకసారి వస్తారు, మెచ్చుకుంటారు, పోతారు. నాలుగుసార్లు వచ్చే మనిషి మెచ్చుకోడానికి రాదని కిరణ్‌కి గట్టి అనుమానం.

అనుమానం ఊరికే రాలేదు. హైదరాబాదులో ఎవరో పెద్ద హోటలు పెడుతున్నారని, సీమ వంటవాళ్ళ కోసం మనుషులను పంపుతున్నారని పోయిన వారమే విన్నాడు. ఎమ్మే చదివి, మూడేళ్ళు ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరిగి, చివరికి రెండువేల ఏడులో సొంత ఊరి తిండిని నమ్ముకున్నవాడు కిరణ్. ఆ నడకకి ప్రాణం ఆఖర్న వచ్చే భీమమ్మ దోశల బండి. ఆమెను ఎత్తుకుపోతే ఇక చూపించడానికి మిగిలేది బురుజే. దాన్ని చూడ్డానికి కిరణ్ దేనికి, కళ్ళుంటే చాలు.

“రండి సార్, రండమ్మా!” అంటూ ఏడుగురిని వెంటబెట్టుకొని కదిలాడు.

మొదట పెద్ద ఈరన్న ఉగ్గాని. నానబెట్టిన బొరుగుల్ని నీళ్ళు పిండేసి, పసుపు తాలింపులో పడేసి, పుట్నాలపొడి చల్లి ఈరన్న బాణలిని ఒక్క ఊపు ఊపితే ఆ వాసనకి దారినపోయే సైకిళ్ళు కూడా ఆగుతాయి. బెంగుళూరు నుంచి వచ్చిన దంపతులు పక్కనున్న మిరపకాయ బజ్జీ కొరికి, ఒకరి మొహం ఒకరు చూసుకొని, మళ్ళీ కొరికారు. కిరణ్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఉదయశ్రీ మాత్రం మర్యాదకి కాస్త నోట్లో వేసుకొని ఊరుకుంది. ఇరానీ హోటల్లో చాయ్ కూడా సగమే తాగింది.

‘ఆకలి దాచుకుంటోంది’ అనుకున్నాడు కిరణ్. ఎవరి కోసమో చెప్పక్కర్లేదు.

దీపాలు వెలిగేవేళకి భీమమ్మ బండి దగ్గరికి చేరారు. అరవై ఏళ్ళ మనిషి. గరిటెడు పిండి పోసి ఒక్క తిప్పు తిప్పితే దోశ గుండ్రంగా పరుచుకుంటుంది. దాని మీద ఎర్రకారం అంచుదాకా పూసి, పప్పులపొడి జల్లి, వెన్న వేసి మడిచే ఆ చేతిని ఎన్నిసార్లు చూసినా కిరణ్‌కి తనివి తీరదు. ఇంత పనితనం చదువుకున్నవాళ్ళలో కూడా తను చూడలేదని అందరికీ చెబుతాడు. నిజంగానే నమ్ముతాడు కూడా.

ఆమెకి నచ్చనివాళ్ళు వస్తే మాత్రం, కింద మంట భగభగ మండుతున్నా, “పెనం ఆరిపోయింది, పో!” అనేస్తుంది. ఒకసారి ఒక పెద్ద ఆఫీసరుకీ అదే మర్యాద జరిగింది. అందుకే నడక మొదలుపెట్టే ముందే కిరణ్ ఆమె దగ్గర మాట తీసుకున్నాడు. “నీ ఎంబడి వచ్చినోళ్ళు ఎవురైనా సరేప్పా, కాదనను. ఏసిస్తా” అంది భీమమ్మ. అన్నమాట ఇంతవరకూ తప్పలేదు.

“కారం ఎంత ఎయ్యల్ల?” అని అందరినీ అడిగింది. ఉదయశ్రీని అడగలేదు. తలెత్తి చూడనుకూడా లేదు. అంచులు బాగా ఎర్రబడేదాకా కాల్చి, వెన్న ఇంకో చెంచా ఎక్కువేసి, ఆకులో పెట్టి అందించింది.

ఉదయశ్రీ ఆ దోశను తుంపు మిగల్చకుండా తిన్నది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆపలేదు. పక్కన బెంగుళూరాయన కూడా రుమాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. అదీ భీమమ్మ ఎర్రకారం గొప్ప!

అందరూ సెలవు తీసుకున్నాక కిరణ్ ఉదయశ్రీని పక్కకి పిలిచాడు.

“మేడం, నాలుగు రోజులుగా చూస్తున్నా. మీకు కావాల్సింది నా నడక కాదు, భీమమ్మ. అవునా?”

ఆమె దాచలేదు. “అవునండీ.”

“నేరుగా ఆమె దగ్గరికే వెళ్ళొచ్చుగా?”

“వెళ్ళాను. పెనం ఆరిపోయింది పొమ్మంది. మీ వెంట వస్తే కాదనదని విన్నాను.”

“హైదరాబాదుకు తీసుకుపోదామనా?”

“వస్తే అంతకంటే ఏం కావాలి?” ఆమె బండి వైపు తిరిగి చూసింది. “రేపొక్కరోజు రానివ్వండి. ఎల్లుండి వెళ్ళిపోతాను.”

కిరణ్‌కి ఒళ్ళు మండింది. దొంగతనానికి వచ్చి, ఇంకో రోజు గడువు కూడానా! ఆమెను అక్కడే వదిలేసి గబగబా బండి దగ్గరికి వచ్చాడు. భీమమ్మ తడిగుడ్డతో పెనం తుడుస్తోంది.

“పెద్దమ్మా, ఆ నీలం చీరామె నిన్ను హైదరాబాదుకు పిల్చుకపోనీక వచ్చిండాది. నీకెరికేనా?”

“ఎందుకొచ్చిండాదో మొదటి దినమే ఎరికెప్పా.”

“మరి నాలుగు దినాలు దోశ ఎందుకేస్తివి?”

“నీకు మాటిచ్చినా గదప్పా.”

“ఆమెంబడి పోతావా ఏంది?”

“ఈ బండి ఇడిసిపెట్టి నేను యాడికి పోతా?”

కిరణ్ గుండె కుదుటపడింది. ఈమెను అనుమానించినందుకు సిగ్గేసింది. హైదరాబాదు హోటలు పిలిచినా మాట తప్పని మనిషి! ఆ క్షణాన ఆమె కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

“శానా మంచిమాట చెప్తివి పెద్దమ్మా. రేపట్నించి ఆమెకు టికెట్టే ఇయ్యను.”

“ఇయ్యొద్దులే.”

భీమమ్మ గుడ్డ పక్కన పెట్టి, ఆ సాయంత్రం మొదటిసారి తలెత్తి, వీధి చివర ఇంకా నిలబడే ఉన్న ఉదయశ్రీ వైపు చూసింది.

“నా కూతుర్ని ఇంటికే రమ్మని చెప్పు.”