విడుదల కాని సినిమా

"ఆంటీ, ప్లీజ్, ఆ మైక్ ఇటిచ్చేయండి. క్వశ్చన్స్ పిల్లలకి మాత్రమే అని ముందే అనౌన్స్ చేశాం కదా!"

సభ నడిపిస్తున్న తేజేశ్వర్ చెయ్యి చాపాడు. కృష్ణవేణి మైకు వదల్లేదు.

"ఒక్క ప్రశ్న బాబూ. అడిగేసి వెళ్ళిపోతాను."

హాలంతా గొల్లుమంది. అమెరికాలోని ఫ్రిస్కోలో ఆ రోజే తెరిచిన కిక్‌బాక్సింగ్ జిమ్ అది. ప్రారంభోత్సవానికి విచియన్ వచ్చాడు. ఒకప్పుడు థాయ్ బాక్సింగ్ ఛాంపియన్, ఇప్పుడు సినిమా హీరో. అతని డబ్బింగ్ సినిమాలు చూసి ఈలలేస్తూ పెరిగిన మనవాళ్ళంతా పిల్లల్ని వెంటేసుకుని వాలిపోయారు. అంతమంది టీషర్టుల మధ్య నేత చీర, దానిమీద స్వెటరు, యాభై దాటిన కృష్ణవేణి ఒక్కతే.

ఆవిణ్ణి వెంట తెచ్చిన పక్కింటి పిల్ల రిషిత గుట్టు బయటపెట్టేసింది. "అంకుల్, ఈ ఆంటీ ఆయన మూవీస్ అన్నీ చూస్తుంది. బట్ ఐస్ క్లోజ్ చేసి చూస్తుంది. షీ ఈజ్ స్కేర్డ్!"

మళ్ళీ నవ్వులు. కృష్ణవేణి కూడా నవ్వింది గానీ మైకు మాత్రం ఇవ్వలేదు.

"సరే ఆంటీ, ముందు పాపని అడగనివ్వండి. తర్వాత మీరు" అని రాజీకొచ్చాడు తేజేశ్వర్.

ఛాంపియన్‌గా ఉన్నప్పుడే బాక్సింగ్ ఎందుకు మానేశారని రిషిత అడిగింది. విచియన్ పక్కనున్న థాయ్ అమ్మాయి ఆ ప్రశ్న అతని చెవిలో చెప్పింది. అప్పటిదాకా కండలు చూపిస్తూ ఫోటోలు దిగినవాడు కాస్త తగ్గాడు. నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆ అమ్మాయి ఇంగ్లీషులో అందించింది.

"బరిలో ఉన్నప్పుడు జనం కేకలు నాకు వినపడేవి కావు. మూలన నిలబడ్డ మా గురువు గొంతొక్కటే వినపడేది. మోకాలెత్తమంటే ఎత్తేవాణ్ణి. ఆయన పోయాక ఒక పోటీకి దిగాను. ఆ మూల నుంచి ఏ మాటా రాలేదు. గెలిచాను. కానీ మళ్ళీ దిగబుద్ధి కాలేదు. ఇప్పుడు సినిమాల్లో రోజూ కొట్టుకుంటాను. షాట్ అవగానే తల ఇప్పటికీ ఆ మూలకే తిరుగుతుంది. అక్కడ లైట్ పట్టుకుని ఎవరో ఉంటారు."

కృష్ణవేణి కొంగుతో కళ్ళొత్తుకుని, ఇక తేజేశ్వర్ అనుమతి కోసం చూడకుండా మైకెత్తింది.

"బాబూ, మీ 'ఆఖరి గంట' సినిమా తెలుగు కాపీ మీ దగ్గరేమైనా ఉందా?"

తేజేశ్వర్ తల పట్టుకున్నాడు. "ఆంటీ, అది తెలుగులో రిలీజే కాలేదు."

"డబ్బింగ్ పూర్తయింది బాబూ. నిర్మాతలు పోట్లాడుకుని ఆపేశారు."

"అవన్నీ మీకెలా తెలుసు?"

కృష్ణవేణి చూపంతా విచియన్ మీదే ఉంది. ప్రశ్న అర్థమయ్యాక అతను పెద్దగా నవ్వేశాడు.

"ఆ సినిమానా! మా దేశంలోనే ఆడలేదమ్మా. మా గురువు మీద బెంగతో తీసుకున్నాను. అందులో నేనే గురువుని. ఒక్క ఫైట్ కూడా లేదు. మూలన కూర్చుని మాట్లాడుతూనే ఉంటాను."

"సినిమా అంతా మాటలేనా?" కృష్ణవేణి ముఖం వెలిగిపోయింది.

తేజేశ్వర్‌కి ఓపిక అయిపోయింది. "ఆంటీ, ఆన్‌లైన్‌లో సబ్‌టైటిల్స్‌తో ఉంది. లింక్ పంపిస్తాను. హాయిగా ఈయన ఒరిజినల్ వాయిస్‌లోనే వినండి."

"ఈయన గొంతు నాకొద్దు బాబూ."

ఎవరో అయ్యో అన్నారు. పిలిచి తెచ్చుకున్న అతిథి ముందు ఇదేం మాటని తేజేశ్వర్ ముఖం కందగడ్డయింది. థాయ్ అమ్మాయి ఆ మాట ఇంగ్లీషులో చెప్పించుకుని, అతనికి చెప్పాలా వద్దా అని తటపటాయించింది. విచియన్ పట్టుబట్టి చెప్పించుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. వేదిక దిగి, గుంపులోంచి దారి చేసుకుంటూ వచ్చి కృష్ణవేణి ఎదుట చేతులు జోడించాడు.

"మరి ఎవరి గొంతు కావాలమ్మా?" అని అడిగించాడు.

కృష్ణవేణి మైకు రిషిత చేతికిచ్చేసింది. ఆ తర్వాతి మాటలు దగ్గరున్న నలుగురికే వినిపించాయి.

"తెలుగులో మీకు గొంతిచ్చింది మావారు బాబూ. ఆ సినిమాకి డబ్బింగ్ చెప్పిన వారానికే పోయారు. మిగిలినవన్నీ వినేశాను... మావారి గొంతులో నేనింకా వినని మాటలు అందులోనే ఉన్నాయి."