ఐదో సెట్టు

“ఇదీ పనికిరాదు. ఇంకోటి చూపించండి,” అంటూ దర్జీ నాలుగో వాకీటాకీని బల్లమీద పెట్టేశాడు.

పోయిన ఆదివారం కొండమీద మిత్రులు ఎంత పిలిచినా పలక్కుండా అతను దారి తప్పాడు. రేడియో లేకుండా ఇక తీసుకెళ్లేది లేదని వాళ్లు తేల్చేశారు. అందుకే ఇప్పుడు కొట్లో సెట్టు ఎంచుకుంటున్నాడు. అతని స్నేహితుడు డ్రాయింగు మాస్టారు వీధి చివర నిలబడి ఒక్కోదాని జత సెట్టులో మాట్లాడుతున్నాడు.

“ఇందులోనూ గరగరే,” అన్నాడు దర్జీ, ఐదో సెట్టు చెవికి నొక్కుకుని.

“అదేంటండీ, నాకు ఇక్కడికే స్పష్టంగా వినిపిస్తోంది!” అంది కొట్టావిడ.

“రంగు బాగానే ఉందమ్మా.”

ఇంతలో మాస్టారు తిరిగొచ్చి అతని వెనకాల నిలబడ్డాడు. “ఒరేయ్,” అని గట్టిగా పిలిచాడు. దర్జీ తిరగలేదు. భుజం తట్టగానే ఉలిక్కిపడి, అతని ముఖం చూసి బావురుమన్నాడు.

“వాళ్లకి చెప్పకురా. ఆరు నెలలుగా కుట్టుమిషను చప్పుడు కూడా వినపడటం లేదు. ఆదివారాలు కూడా పోతే నాకింకేం మిగుల్తుంది?”

మాస్టారు కొట్టావిడ వైపు తిరిగాడు.

“పిలిస్తే వణికే సెట్టు ఉందా అమ్మా?”

ఆమె తెచ్చిన జతలో ఒక సెట్టును మాస్టారు దర్జీ చొక్కాజేబులో పెట్టి, పెదవులు కనిపించేలా నెమ్మదిగా చెప్పాడు.

“ఒకసారి వణికితే ఆగు. రెండుసార్లు వణికితే నా దగ్గరికి రా.”

తన సెట్టు మీట రెండుసార్లు నొక్కాడు.

దర్జీ జేబు మీద చెయ్యి వేసుకుని, ఒక్కడుగు ముందుకొచ్చాడు.