పన్నెండో నంబరు సీసా

“ఇది కీళ్ల నొప్పుల మాత్ర. మా నాన్న పదేళ్లు మింగాడు. నాకేమో ఊపిరితిత్తుల్లో వైరస్. ఎవరి చెవిలో పువ్వులు పెడతారు సిస్టర్?” అన్నాడు పదకొండో మంచం మీది ఫిట్టర్, ఆయాసపడుతూనే.

“పాత మందే. దీనికీ పనిచేస్తుందేమోనని చూస్తున్నారు. ఒప్పుకునే కదా సంతకం పెట్టారు!” అంది నర్సు. “వార్డులో సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్త పిండి మాత్ర. ఎవరి సీసాలో ఏముందో డాక్టరుగారికే తెలీదు. భోజనమయ్యాక మొదటిది వేసుకోండి.”

డాక్టరుకే తెలీదట! ఫిట్టర్ పక్క మంచం వైపు ఓరగా చూశాడు. పన్నెండో నంబరు మీద సొంత బావమరిది, ఆఫీసు గుమాస్తా. ఒకే ఇంట్లో ఒకే జ్వరం అంటుకుని ఇద్దరూ కలిసే చేరారు. పొద్దున వాడు ఇంగ్లీషులో ఏదో అంటే డాక్టరు నవ్వాడు. ఊరికే నవ్వుతారా ఎవరైనా? అసలు మాత్ర ఎవరికి పోయిందో తెలియడానికి పెద్ద చదువులక్కర్లేదు.

ఇద్దరి సీసాలూ నంబర్లు అంటించి బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. ఫిట్టర్ తన సీసా మూత బిగించి ఎక్స్‌రేకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మూత వదులుగా ఉంది. జ్వరానికి చేతుల్లో పట్టు పోయిందనుకున్నాడు. బావమరిది గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాత వాణ్ని ఎక్స్‌రేకి తీసుకెళ్లారు. ఫిట్టర్ అటూ ఇటూ చూశాడు. తన మాత్రలు రుమాల్లో ఒంపి, పన్నెండో నంబరువి తన సీసాలో పోసుకున్నాడు. రుమాల్లోవి వాడి సీసాలో పోశాడు. అన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి. కనిపెట్టేదెవరు?

మూడో రోజుకి ఫిట్టర్ తేరుకున్నాడు. బావమరిదికి మాత్రం వేలికి తగిలించిన మిషన్‌లో ఆక్సిజన్ అంకె తొంభై నుంచి ఎనభై అయిదుకి జారింది. మాస్కు పెట్టారు. అంతలో భార్య ఫోను.

“మా తమ్ముడికి ఎలా ఉందండీ? వాణ్ని కాస్త కనిపెట్టుకుని ఉండండి.”

ఫిట్టర్ ఫోను పెట్టేశాడు. చెబితే మెడపట్టి గెంటుతారు. చెప్పకపోతే వాడు దక్కడు. చెప్పేద్దామనే లేచి పన్నెండో మంచం దగ్గరికి నడిచాడు. నోరు తెరిచేలోపే బావమరిది మాస్కు పక్కకి లాగి అతని చెయ్యి పట్టుకున్నాడు.

“బావా, పాపం చేశాను. మొదటి రోజు నువ్వు ఎక్స్‌రేకి వెళ్లగానే నీ మాత్రలు నేను తీసుకుని, నావి నీ సీసాలో పోశాను. నీ నోటికి జడిసి మంచివి నీకే ఇచ్చారనుకున్నా.”

ఫిట్టర్ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ముందు వాడు మార్చాడు. తర్వాత తను మార్చాడు. అంటే ఎవరివి వాళ్లకే చేరాయి. మూడు రోజులకి మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, విసురుగా చెయ్యి లాక్కున్నాడు.

“ఛీ! సొంత బావ మీద కూడా అనుమానమేనట్రా నీకు?”