తోడు వచ్చినాయన

నెలకోసారి మానవపాడు నుంచి గద్వాలకు భార్యను దవాఖానకు తీసుకురావడం బాలస్వామికి అలవాటైపోయింది.

ఆమెకు క్యాన్సర్ ఆపరేషన్ పోయిన ఏడాది హైదరాబాదులో అయింది. ఇక ఆరు నెలలకోసారి వస్తే చాలన్నారు అక్కడివాళ్లు. అయినా జమ్ములమ్మే పట్టుబట్టి ఈ కొత్త డాక్టరును వెతుక్కుంది. చీటీ రాయించడం ఆమె పని, దాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రంగా మోయడం ఆయన పని. ఆయనకు అక్షరం ముక్క రాదు.

కౌంటరులో కూర్చునే శ్రీజ మంచి పిల్ల. వంతు రాగానే ఆయన్నే పేరు పెట్టి పిలుస్తుంది. డాక్టరు మీదే బాలస్వామికి గురి లేదు. రోగిని చెయ్యి పట్టి చూడడు. సూది లేదు, స్కానింగు లేదు. పైగా తోడు వచ్చిన మనిషికి మర్యాదలు. "నిద్ర పడుతోందా? అన్నం తింటున్నావా?"

"నాకేంది సారూ, దుక్కలెక్క ఉన్న. ఆమెను జూడు" అనేవాడు ప్రతిసారీ.

ఈసారి జమ్ములమ్మ కొంప ముంచింది.

"అబద్ధం సారూ. రాత్రి పదిసార్లు లేచి నా ముక్కుకాడ వేలు పెట్టి చూస్తడు, ఊపిరి ఆడుతుందో లేదో అని. మిరప చేన్ల ఒక్కడే కూసొని ఎక్కెక్కి ఏడుస్తడు."

బాలస్వామి ముఖం మాడిపోయింది. చేలో ఏడ్చింది ఎవరూ చూడలేదనుకున్నాడు. చూసిన మనిషి అప్పుడు నోరెత్తలేదు. ఇప్పుడు పరాయివాడి ముందు పరువు బజారున పడేసింది. ఏడాదిగా వండిపెట్టాడు, జుట్టు ఊడిన తలకు రుమాలు కట్టాడు, బిందె ఎత్తనివ్వలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా.

విసురుగా బయటికొచ్చాడు. ఆమె వెనకే వచ్చింది.

"నా ఇజ్జత్ తీసినవు గదనే! ముప్పై ఏండ్లు కాపురం జేసి గిదేనా నువ్వు నాకు జేసేది?"

జమ్ములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన చీటీ తీసి శ్రీజ ముందు పడేశాడు.

"ఇగో బిడ్డా, వచ్చే నెల ఈమెను వేరేటోళ్లు తోల్కొస్తరు. నేను మల్ల ఈ గడప తొక్క."

శ్రీజ చీటీ వైపు చూసింది. జమ్ములమ్మ వైపు చూసింది.

"నువ్వు రాకుంటే ఎట్ల పెద్దాయనా? నాలుగు నెలల సంది ఈ చీటీ నీ పేరు మీదనే ఉంది."