గాజుమట్టికి దిష్టి

ఇప్పుడు మా మేడలో ప్రతి బాల్కనీలోనూ గాజుమట్టే. అద్దంలాంటి ఆ మట్టి లోపల దుంప ఎంత ఊరిందో ఎదురింటివాళ్లకు కూడా కనిపిస్తుంది. అందరివీ అంతంతమాత్రంగానే ఊరుతున్నాయి. మా అత్తగారు వరహాలమ్మ వేసిన ముల్లంగి, టర్నిప్పులు మాత్రం నెలైనా చిటికెనవేలంత కూడా లావెక్కలేదు.

"నెలాఖరుకి ఊరకపోతే ఈ మడిని పక్క ఫ్లాటుకి ఇచ్చేయాలమ్మా. అది రూలు," అంది తోట చూసుకునే యంత్రం.

"వచ్చేపోయే వాళ్లంతా గుడ్లప్పగించి చూస్తంటే ఏం ఊరతాయి? దిష్టి తగిలింది," అంటూ అత్తగారు తన పాత నల్లచీర మడి చుట్టూ కట్టేశారు.

"నాకేమీ కనబడటం లేదమ్మా," అంది యంత్రం.

"నువ్వూ చూడకు."

నెలాఖరున చీర విప్పాం. ఒక్కో టర్నిప్పూ పిడికిలంత ఉంది.

యంత్రం మడినంతా మళ్లీ ఓసారి పరీక్షగా చూసింది. "వెలుతురు తగిలి ఊరలేదమ్మా. వాటికి చీకటి కావాలి."

"నేనన్నదీ అదే కదే," అని అత్తగారు పులుసుకి చింతపండు నానబెట్టారు.

మర్నాటికి మేడంతా నల్లచీరలే. అందరూ మా యంత్రం తెలివిని మెచ్చుకుని వెళ్లారు. వాళ్లు వెళ్లాక అది గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మా, నాకూ ఓ కాటుక చుక్క పెడతారా?"