కూల్చిండ్రు

ఇళ్లు లేనివాళ్లే రాసి, సిగ్నళ్ల దగ్గర తామే అమ్ముకునే పత్రిక పేరు 'గడప'. నగరంలో కాగితం మీద వచ్చే పత్రిక ఇప్పుడు అదొక్కటే. అయినా ఏది అచ్చు కావాలన్నా ముందు సౌమ్యయంత్రం చూడాల్సిందే. ఎవరి మనసూ నొప్పించని మాటలే అది ఉంచుతుంది.

ఈ వారం పోశవ్వ తన కథ రాసింది. అచ్చయి వచ్చాక చదివి భగ్గుమంది.

"నా ఇల్లు కూలిపోయిందని పడ్డదేంది? నేను కూల్చిండ్రని రాసిన!"

"యంత్రం మార్చింది పోశవ్వా. నేనేం చెయ్యను?" అంది సంపాదకురాలు నస్రీన్.

"దానికది కూలుతదా? బుల్డోజర్ వెట్టి కూల్చిండ్రు. పొయ్యి మీద అన్నం ఉడుకుతనే ఉండె!"

ఫుట్‌పాత్ మీద కూర్చుని ప్రతి కాపీలోనూ ఆ మాట కొట్టేసి, పైన తన మాట రాసింది.

సిగ్నల్ దగ్గర కారులోని ఒకాయన పత్రిక అందుకున్నాడు. కార్లలో తిరిగేవాళ్లెవరూ ఇప్పుడు సొంతంగా చదవరు కాబట్టి, చదివి వినిపించే తన కళ్లద్దాలకు చూపించాడు. చేతిరాతను గుర్తించలేని ఆ అద్దాలు అచ్చులో ఉన్నదే చదివాయి: "ఇల్లు కూలిపోయింది."

"అయ్యో, పాపం," అన్నాడాయన.

పోశవ్వ పత్రిక వెనక్కి లాక్కుంది.

"పాపం నాది గాదు సారూ. ఆ అద్దాలు తీయి. ఇగో, నేను రాసింది ఇది. నా వెంట పలుకు. కూల్చిండ్రు."

వెనక హారన్లు మోగుతున్నాయి.

"కూల్చారు," అన్నాడాయన బెరుగ్గా.

పోశవ్వ పత్రిక ఇంకా ఇవ్వలేదు.

"ఎవరు?" అంది.